ఊత తీసిన చెయ్యి

ఎడ్గర్ పాలంట్ శవాన్ని బుధవారం సాయంత్రం ఆరింటికి తీసుకెళ్లారు. గురువారం ఉదయం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టర్ థర్కెటిల్ క్రేన్‌మూర్ పొలంలోని ధాన్యం కొట్టానికి వచ్చేసరికి కేసు కూడా అయిపోయినట్టే ఉంది.

"ప్రమాదం," అన్నాడు చీఫ్ ఇన్‌స్పెక్టర్ మాస్కెల్. దుమ్ము పడకుండా చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని పెద్ద తలుపుల మధ్య నిలబడ్డాడు. "డెబ్భై ఒక్కేళ్ల వడ్రంగి. ఐదారు వందల ఏళ్ల కొట్టం. రెండూ రెండే. ముసలాడు దూలం కింద కూచున్నాడు, దూలం పడింది. దీనికోసం నువ్వు పొద్దున్నే ఇంత దూరం రానక్కర్లేదయ్యా."

థర్కెటిల్ లోపలికి నడిచాడు. మాస్కెల్ అతనికంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. మూడేళ్ల క్రితం ఇద్దరూ కలిసి పట్టుకున్న కేసు మాస్కెల్‌కి చీఫ్ ఇన్‌స్పెక్టర్ హోదా తెచ్చిపెట్టింది, థర్కెటిల్‌కి మెచ్చుకోలు ఉత్తరం తెచ్చిపెట్టింది.

కొట్టం చివరి అంకణంలో అటక ఉంది. ఆ అటకని మోసే ఓక్ దూలం ఒక కొస ఇంకా గోడవైపు నిట్రాటి స్తంభంలోనే ఉంది. రెండో కొస నేల మీద పడి ఉంది. పడినచోట నూర్పిడి నేల చెక్కలు రెండు విరిగాయి. వాటిమీద నల్లగా ఎండిన మరక.

థర్కెటిల్ మోకాళ్లమీద కూర్చుని దూలం కొసని చూశాడు. కుళ్లిన భాగాన్ని రంపంతో శుభ్రంగా కోసేశారు. కొత్త ఓక్ ముక్క ఒకటి, పాతదానికి అతుకు పెట్టడానికి చెక్కింది, రెండడుగుల దూరంలో పొర్లి ఉంది. రెంటిలోనూ కొయ్య చీలలు దిగాల్సిన బెజ్జాలున్నాయి, నాలుగేసి. అన్నీ ఖాళీ.

"ఆయన జేబులో ఏమున్నాయి?"

"చీలలు. కొత్తగా చెక్కినవి. ఎనిమిదో, తొమ్మిదో."

"అంటే ఒక్కటీ కొట్టలేదు."

"కొట్టకముందే పడింది. నేననేదీ అదే కదా."

"మరి చీలలు కొట్టకుండా ఈ దూలం దేనిమీద నిలిచింది?"

మాస్కెల్ విసుగ్గా గోడవైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఆరడుగుల ఊతకర్ర ఒకటి నిటారుగా ఆనించి ఉంది. దాని పాదం దగ్గర, ఊతని బిగించడానికి ఎదురెదురుగా తోసే ఏటవాలు చెక్కలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి పురికొసతో కట్టేసి ఉన్నాయి. మూడు చుట్లు, గట్టి ముడి.

"ఊత పెట్టాడు. తొందరపడి తీసేశాడు. పడింది. ముసలి బుర్ర."

"తీస్తే ఎప్పుడు పడుతుంది?"

"ఎప్పుడేమిటి? అప్పుడే పడుతుంది."

"అప్పుడే పడితే ఆయన దానికింద నలిగిపోయాడు. మరి ఊతకర్రని పది గజాలు మోసుకెళ్లి గోడకి ఆనించిందెవరు? చెక్కలకి ముడేసిందెవరు?"

మాస్కెల్ చేతిరుమాలు ముక్కు మీదనుంచి దించాడు. తర్వాత నవ్వాడు. "ఊతలు రెండున్నాయేమో. ఇది నిన్నటిదే అని ఎక్కడైనా రాసుందా?"

థర్కెటిల్ వేలితో నేల చూపించాడు. దుమ్ములో జానెడు చతురస్రం, ఊతకర్ర పాదమంత, శుభ్రంగా ఉంది. దాని పక్కనే నేల చెక్కమీద కొయ్యసుత్తి జారిన చార. సుత్తి దెబ్బ తలుపుల వైపునుంచి పడింది, లోపలివైపునుంచి కాదు.

"ఇంకొకటి. ఆయన తలకింద గోనెపట్టా మడిచిపెట్టి ఉందని మీ కానిస్టేబులే రాశాడు. నాలుగు మడతలు. ఛాతీమీద దూలం పడ్డవాడు తన తలకింద తనే దిండు పెట్టుకోడు."

"గారడ్ గారి భార్య పెట్టుంటుంది. శవాన్ని చూసింది ఆవిడేగా."

"అడుగుతాను."

"పన్నెండింటిదాకా అడుగు," అన్నాడు మాస్కెల్. "పన్నెండింటికి కొట్టాన్ని గారడ్‌కి అప్పగించేస్తున్నాను. కూలేలా ఉంది, ఇంకొకడు పోకముందే పడగొట్టుకుంటానని అడిగాడు. ఆయన సొత్తు ఆయనిష్టం."

"ఇవాళ పదకొండింటికి కౌంటీ ఆఫీసు నుంచి పాత కట్టడాల అధికారి రావాలి కదా? దీన్ని రక్షణ జాబితాలో చేర్చడానికి?"

"మనిషి చచ్చిన చోటికి ఏం వస్తాడు పాపం. మూడింటికి వాయిదా వేశారు." మాస్కెల్ గడియారం చూసుకున్నాడు. "మూడింటికి జాబితాలో చేర్చడానికి ఏమీ మిగలదు."

* * *

లయనెల్ గారడ్ పెరట్లో ట్రాక్టరుకి గొలుసులు తగిలిస్తున్నాడు. అరవై దాటినా భుజాలు వంగలేదు. ఆ ఏడు వేసవిలో మూడు నెలలుగా చినుకు లేదు. అతని మెడ మట్టిరంగుకి మాడిపోయింది.

"చూడండి ఇన్‌స్పెక్టర్, నిన్ననే చెప్పాను మీవాళ్లకి. ఎడ్గర్ ఒంటిగంటకి తిండికని ఇంటికెళ్లాడు. ఆ తర్వాత నేను చూళ్లేదు. సాయంత్రం నాలుగింటికి నా భార్య అరిచేదాకా నేను కోతయంత్రం మీదే ఉన్నాను."

"ఒక్కసారి కూడా దిగలేదా?"

"బార్లీ ఎండిపోతుంటే దిగి టీ తాగుతానా?"

"ఎడ్గర్ మీ కొట్టాన్ని బాగుచేస్తున్నాడు. మీరేమో పడగొట్టాలంటున్నారు."

"నేను పిలిచానా వాణ్ణి?" గొలుసు నేలమీద పారేశాడు గారడ్. "మా నాన్న రోజుల్నుంచీ వస్తున్నాడు. వద్దంటే వినడు. దూలాలమీద గీతలు చూపించి, ఇది మా తాతల తాతలు కొట్టిన గుర్తు అంటాడు. కౌంటీవాళ్లకి ఉత్తరం రాసింది కూడా వాడే. జాబితాలో పడిందంటే నా కొట్టంలో నేను మేకు కొట్టుకోడానికి వాళ్లనడగాలి. నా కొత్త యంత్రం ఆ తలుపుల్లో పట్టనే పట్టదు, తెలుసా?"

"కోపం వచ్చుంటుంది."

"వచ్చింది. కోపం వచ్చినవాళ్లందర్నీ పట్టుకెళ్తే ఈ జిల్లాలో పంట కోసేవాడుండడు."

వంటింట్లో ఈనిడ్ గారడ్ గిన్నెలు తోముతోంది. చిన్నగా, సన్నగా ఉన్న మనిషి. థర్కెటిల్ లోపలికి రాగానే చేతులు తుడుచుకుని కుర్చీ లాగింది.

"తలకింద గోనెపట్టా మీరే పెట్టారామ్మా?"

"లేదయ్యా. నేను ముట్టుకోలేదు. నాలుగింటికి టీ పట్టుకెళ్లాను. చూశాను. కప్పు అక్కడే పారేసి అరుచుకుంటూ వచ్చేశాను." ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. "అప్పటికే అలా పడుకోబెట్టినట్టు ఉన్నాడు. పాపం, మధ్యాహ్నమేగా నాతో మాట్లాడాడు."

"ఎప్పుడు?"

"రెండుంపావుకి. రేడియోలో కథ అప్పుడే అయిపోయింది. ఈ గుమ్మంలో నిలబడి నీళ్లడిగాడు. నా చేతులు పిండిలో ఉన్నాయి. మా ఆయనే కూజా నింపి ఇచ్చాడు. యంత్రం బెల్టు తెగిందని అప్పుడే వచ్చాడు లెండి. 'ఎండలో తిరక్కు ఎడ్గర్, లోపలే నీడన కూచుని చీలలు చెక్కుకో' అన్నాడు కూడా. నాకు ముచ్చటేసింది. మామూలుగా ఇద్దరికీ పడదు మరి."

థర్కెటిల్ పెన్సిలు ఆగింది. అది చూసింది ఈనిడ్. అతని మొహం చూసింది. కిటికీలోంచి పెరట్లోకి చూసింది.

"ఆయన వేరే చెప్పాడా?" అంది మెల్లిగా.

థర్కెటిల్ పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యా, నేనన్నానని ఆయనతో అనకండి. మీకు తెలీదు. నలభై ఏళ్ల కాపురం. మీకు తెలీదు."

"అనను," అన్నాడు థర్కెటిల్. "మాటిస్తున్నాను."

* * *

పదింపావుకి ఎడ్గర్ కూతురు హెస్టర్ తండ్రి పనిముట్లు తీసుకెళ్లడానికి కొట్టానికి వచ్చింది. నలభై నాలుగేళ్లుంటాయి. రాత్రంతా ఏడ్చిన మొహం. వచ్చీ రాగానే మూలనున్న పెట్టె తెరిచి ఉలులు లెక్కపెట్టి, ఒక్కొక్కదాన్నీ పాత గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది.

"మీ నాన్నగారు తొందరపడి ఊత తీసేసుంటారా?" అనడిగాడు థర్కెటిల్.

ఆమె తలెత్తింది. "ఎవరన్నారు ఆ మాట?"

"మా పైవాళ్లు."

"మీ పైవాళ్లని ఒకసారి ఇటు రమ్మనండి." ఆమె లేచి నిట్రాటి దగ్గరికి నడిచింది. కొయ్యమీద ఉలితో గీసిన గీతలమీద వేలు పెట్టింది. "ఇది చూశారా? నాలుగు గీతలు. అదిగో దూలం మీద కూడా నాలుగు. దూలం కొసన నాలుకలా చెక్కిన ఆ కూసం ఈ బెజ్జంలోకే వెళ్లాలి. కట్టినవాళ్లు ముందు నేలమీద జతచేసి, గుర్తులు గీసి, విప్పి, మళ్లీ ఇక్కడ నిలబెట్టారు. ఒక్క ఇనప మేకు లేదు. నాన్న చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకుని ఈ గీతలతోనే అంకెలు నేర్పాడు. బళ్లో ఐదు రాయమంటే ఇలా గీతలు గీసి దెబ్బలు తిన్నాను." నవ్వబోయి నవ్వలేకపోయింది. "యాభై ఎనిమిదేళ్ల పనిలో నాన్న పెట్టిన ఊత ఒక్కటి జారలేదు. ఆ ధైర్యంతోనే దానికింద కూచున్నాడు."

"ఊత తీశాక చెక్కల్ని ఇలా కట్టే అలవాటు ఆయనదేనా?"

"మా అందరిదీ. ఒక చెక్క పోతే రెండోది పనికిరాదు, అందుకని. జత విడదీస్తే నాన్న ఊరుకునేవాడు కాదు."

"అయితే ఇది ఆయనే కట్టి ఉండొచ్చు."

"నాన్నా?" ఆమె అతన్ని వింతగా చూసింది. "నాన్న ఎడమచేతికి రెండు వేళ్లే ఉన్నాయి సార్. మిగతావి 1958లో రంపం మిల్లులో పోయాయి. అప్పట్నుంచి బూటు తాడు కూడా నేనే కట్టాలి. ఉలి పట్టుకోగలడు, చీల చెక్కగలడు, ముడి మాత్రం వెయ్యలేడు. చెక్కలెప్పుడూ మా ఆయనే కడ—"

ఆమె నోరు తెరిచే ఉంది.

థర్కెటిల్ ఇలాంటి క్షణాలు చాలా చూశాడు. తను కోరుకున్న సమాధానం వచ్చినప్పుడు ఏ పోలీసుకైనా లోపల ఒక చిన్న సంతోషం కదులుతుంది. ఇవాళ కదల్లేదు. ఆమె వెళ్లి గోడ దగ్గర కూలబడి, ఆ చెక్కల జతని చేతిలోకి తీసుకుంది. ముడిమీద బొటనవేలు పెట్టి చూసింది. మూడు చుట్లు, కొస లోపలికి దోపి.

"మీ ఆయన రూబెన్ నిన్న ఎన్నింటికి ఇంటికొచ్చాడు?" అనడిగాడు.

"చర్చి గంటల గోపురం పనిలో ఉన్నాడు. ఐదుదాకా."

"ఎన్నింటికొచ్చాడమ్మా?"

పైన వాసాల్లో పావురం ఒకటి రెక్కలు కొట్టుకుంది.

"మూడున్నరకి," అంది. "నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. పలకరించినా పలకలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్లి చొక్కా ఉతుక్కున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ మనిషి తన చొక్కా తను ఉతుక్కోవడం నేను చూళ్లేదు సార్. నామీద ఎందుకో ప్రేమ పుట్టుకొచ్చిందనుకున్నాను."

* * *

రూబెన్ ఆల్డస్ ఊళ్లో తన కొయ్యల అడితిలో ఉన్నాడు. పని చెయ్యడం లేదు. కోసిన ఓక్ దుంగమీద చేతులు మోకాళ్లమధ్య పెట్టుకుని కూర్చున్నాడు. థర్కెటిల్ కారు దిగడం చూసి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"పదకొండూ ఇరవై," అన్నాడు థర్కెటిల్ గడియారం చూసి. "నాకు నలభై నిమిషాలే టైముంది రూబెన్. అబద్ధాలతో పాడుచెయ్యకు. ముడి నీది. చొక్కా నీది. గోనెపట్టా మడిచింది కూడా నువ్వే. నువ్వు ఆయన్ని చంపాలనుకోలేదని ఆ గోనెపట్టా చెప్తోంది. మిగతాది నువ్వు చెప్పు."

రూబెన్ పెద్ద చేతులు మొహంమీద పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి మాట్లాడాడు.

"పద్నాలుగేళ్లప్పుడు ఆయన దగ్గర చేరాను. బాడిస పట్టుకోవడం ఆయనే నేర్పాడు. పిల్లనిచ్చాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటారే, నేను నిజంగానే లెక్కపెట్టాను సార్. కొట్టం విప్పితే వాసాలెన్ని, దూలాలెన్ని అని గారడ్‌కి కాగితం మీద రాసిచ్చాను. చట్రం మొత్తం విప్పి తీసుకెళ్లి ఇంకెక్కడో ఇల్లుగా నిలబెట్టుకుంటామన్నవాళ్లున్నారు. నా చేతిలో ఏడాదిగా చిల్లర మరమ్మతులు తప్ప పని లేదు. విప్పే పని ఒప్పుకుని సంతకం పెట్టాను. ఆయనకి చెప్పలేదు."

"అంతలో ఆయన కౌంటీకి ఉత్తరం రాశాడు."

"జాబితాలో పడితే మేకు కదపనివ్వరు. గారడ్ అన్నాడు, 'అధికారి వచ్చేసరికి అటక కూలి ఉంటే, ఇది చచ్చిన కొట్టమని రాసుకుపోతాడు. ఊత ఒకటి తీసెయ్యి చాలు' అని. దూలమే కదా, మళ్లీ ఎత్తొచ్చనుకున్నాను."

"ఎడ్గర్ లోపలున్నాడని తెలీదా?"

"లేడన్నాడు!" రూబెన్ తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "రెండూ నలభైకి పొలం గేటు దగ్గర గారడే నిలబడి ఉన్నాడు. 'ముసలాడు తిండికి వెళ్లి ఇంకా రాలేదు. లోపలెవరూ లేరు, తొందరగా కానిచ్చెయ్' అన్నాడు. మండుటెండలోంచి లోపలికి వెళ్తే ఏం కనిపిస్తుంది సార్? తలుపు వైపునుంచే చెక్కలమీద ఒక్క దెబ్బ వేశాను. దూలం పడ్డ చప్పుడులో ఇంకో చప్పుడు వినిపించింది."

థర్కెటిల్ పుస్తకం మూసేశాడు. రెండుంపావుకి గారడ్ తన చేత్తో నీళ్లిచ్చి, లోపలే నీడన కూర్చోమన్నాడు. రెండూ నలభైకి లోపలెవరూ లేరన్నాడు. ఊత తీసిన చెయ్యి రూబెన్‌దే. ఆ చేతిని పంపినవాడు పెరట్లో గొలుసులు తగిలించుకుంటున్నాడు.

"లేపలేదా దూలాన్ని?"

"లేపబోయాను. వద్దన్నాడు. లేపితే తక్షణం పోతానన్నాడు. ఆయనకి తెలుస్తుంది కదా సార్, ఏ బరువు దేన్ని ఆపుతోందో." అతను కళ్లు తుడుచుకున్నాడు. "తర్వాత అన్నాడు, 'ఊతకర్ర గోడకి పెట్టు. చెక్కలు కట్టెయ్. నేనే తీశాననుకుంటారు. నువ్వు ఇంటికి పో' అని. చెప్పినట్టే చేశాను. చిన్నప్పట్నుంచీ ఆయన చెప్పినట్టే చేశాను."

"శవాన్ని చూసిన డాక్టరు లెక్క ప్రకారం ఇరవై నిమిషాలు బతికాడు. ఈ నాలుగు మాటలేనా మాట్లాడింది?"

రూబెన్ చేతులు మళ్లీ మోకాళ్లమధ్యకి వెళ్లాయి. ఎంత అడిగినా ఇంక నోరు విప్పలేదు.

* * *

రూబెన్‌ని ఎక్కించుకుని కారు క్రేన్‌మూర్ గేటు దాటేసరికి పన్నెండూ ఐదు. ట్రాక్టరు ఇంజను మోగుతోంది. గొలుసు పెద్ద తలుపుల్లోంచి లోపలికి వెళ్లి చివరి అంకణం నిట్రాటికి చుట్టుకుని ఉంది. గారడ్ స్టీరింగు దగ్గర కూర్చుని లోపలికి చూసి అరుస్తున్నాడు. మాస్కెల్ తను సంతకం పెట్టిన అప్పగింత కాగితం చేత్తో పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఆ పిచ్చిది బయటికి రావట్లేదయ్యా!" అన్నాడు థర్కెటిల్‌ని చూడగానే. "పోయి స్తంభం పట్టుకుని కూచుంది. నువ్వేం చెప్పావు దానికి?"

థర్కెటిల్ పరుగెత్తుకెళ్లి ట్రాక్టరు ముందు నిలబడ్డాడు. రేడియేటరు వేడి మోకాళ్లకి తగులుతోంది.

"ఆపు ఇంజను!"

"మీవాడే కాగితం మీద సంతకం పెట్టాడు!" అన్నాడు గారడ్. "ఆ ఆడమనిషిని నా కొట్టంలోంచి ఈడ్చండి ముందు!"

"నీ కొట్టంలో ఎవరూ లేరని రూబెన్‌కి ఎలా చెప్పావు? నిన్న రెండుంపావుకి ఎడ్గర్‌కి నీళ్లిచ్చింది నువ్వు. నీడన కూచోమంది నువ్వు. కోతయంత్రం దిగలేదని నాతో అబద్ధం చెప్పింది నువ్వు. నీ భార్య అన్నీ చెప్—"

అతను ఆగాడు. మాట అప్పటికే వెళ్లిపోయింది.

గారడ్ మొహంలో కోపం లేదు. ఏమీ లేదు. క్లచ్ మీద కాలు పెట్టి గేరు తీశాడు. గొలుసు వదులై నేలమీద పడింది.

మాస్కెల్ దగ్గరికొచ్చాడు. "నిజమా?" అన్నాడు చిన్న గొంతుతో. చేతిలో కాగితాన్ని మడిచాడు.

ఈ సందులో రూబెన్ కారు దిగి కొట్టంలోకి వెళ్లిపోయాడు. థర్కెటిల్ వెంటబడ్డాడు. లోపల హెస్టర్ నిట్రాటికి వీపు ఆనించి కూర్చుని ఉంది. ఒళ్లో తండ్రి పనిముట్ల మూట. గొలుసు ఆమె తలకి జానెడు పైన బిగిసిన చోట ఓక్ మీద తెల్లటి గాటు పడింది. ఆమె మొగుడివైపు చూసింది.

"దగ్గరికి రాకు. అక్కణ్ణుంచే చెప్పు. నాన్న ఎంతసేపు బతికాడు?"

"హెస్టర్..."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"మనిల్లు ఇక్కడికి ఐదు నిమిషాలు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నేను గుమ్మంలోనే కూచుని చిక్కుళ్లు ఒలుస్తున్నాను. నాన్న నన్నడిగాడా?"

రూబెన్ నేలమీద మరకని చూశాడు. లేదు అంటే సరిపోయేది. ఒక్క మాట. థర్కెటిల్ కూడా లోలోపల అతను ఆ అబద్ధం చెబితే బావుండుననుకున్నాడు.

"అడిగాడు," అన్నాడు రూబెన్. "పిలుచుకురమ్మన్నాడు. రెండుసార్లు. నేను కదల్లేదు. నువ్వొస్తే నీకు తెలిసిపోతుందని. రెండోసారి అడిగి నా మొహంలోకి చూశాడు. ఇంక అడగలేదు. సరే, ఊతకర్ర గోడకి పెట్టు అన్నాడు."

హెస్టర్ ఏడవలేదు. మూట విప్పి ఉలులన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంది. మళ్లీ కట్టింది. లేచి మొగుడి పక్కనుంచి, అతని చొక్కా కూడా తగలకుండా నడిచి, తలుపు దగ్గర ఆగింది.

"నన్ను చూసి భయపడ్డావా రూబెన్?" అంది. "ఇరవై రెండేళ్లు కాపురం చేసి, నన్ను చూసా భయపడ్డావు?"

రూబెన్ మోకాళ్లమీద కూలబడ్డాడు. అప్పుడు వచ్చింది అతనికి ఏడుపు, పశువు అరిచినట్టు. హెస్టర్ వెనక్కి తిరగలేదు. ఎండలోకి వెళ్లిపోయింది.

థర్కెటిల్ అతని భుజంమీద చెయ్యివేసి లేపబోతూ ఏదో తేడాగా ఉందనుకున్నాడు. బయట ఇంజను ఇంకా మోగుతోంది. మాటలు మాత్రం వినబడడం లేదు. తలుపులోకి వచ్చి చూశాడు. ట్రాక్టరు నిలబడి వణుకుతోంది. సీటు ఖాళీ.

"గారడ్ ఏడీ?"

మాస్కెల్ తుళ్లిపడి చుట్టూ చూశాడు. అతనూ కొట్టంలోకే చూస్తూ నిలబడ్డాడు. "ఇప్పుడే ఇక్కడ..."

థర్కెటిల్ అప్పటికే పరుగెడుతున్నాడు. పెరడు దాటి, కోళ్లని చెదరగొట్టుకుంటూ వంటింటి గుమ్మానికి చేరాడు. పొద్దున బార్లా తెరిచి ఉన్న తలుపు మూసి ఉంది. తోశాడు. లోపల గడియ. కిటికీకి తెర లాగేసి ఉంది.

"గారడ్! తలుపు తియ్!"

లోపల బల్ల జరిగిన చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు. పొద్దున వంటింట్లో గుసగుసలాడిన గొంతు కాదది. పెరడంతా వినిపించేలా అరుస్తోంది.

"అయ్యా! ఇన్‌స్పెక్టరు గారూ! బయటున్నారా?"

"ఉన్నానమ్మా! తలుపు దగ్గరికి రండి!"

"రాలేను. రాసుకోండి!" ఈనిడ్ గారడ్ ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "నిన్న మధ్యాహ్నం రెండుంపావు. నీళ్లిచ్చింది నా మొగుడు లయనెల్. లోపల కూచోమంది నా మొగుడు. రెండున్నరకి గేటువైపు వెళ్లాడు, నేను కిటికీలోంచి చూశాను. ఇదంతా నా నోటితో నేను చెప్తున్నాను. విన్నారా? ఇద్దరు విన్నారా?"

మాస్కెల్ రొప్పుతూ వచ్చి పక్కన నిలబడ్డాడు. కలం తీశాడు. చేతిలో ఉన్న అప్పగింత కాగితం వెనకవైపు, తలుపుకి ఆనించి, రాయడం మొదలుపెట్టాడు.

"ఇద్దరం విన్నాం!" అని అరిచాడు. "చీఫ్ ఇన్‌స్పెక్టర్ మాస్కెల్‌ని! విన్నానమ్మా!"

"అయితే ఇంకొకటి కూడా రాసుకోండి. నలభై ఏళ్లలో ఈ మనిషి నన్ను—"

గొంతు సగంలో ఆగిపోయింది.

మాస్కెల్ కాగితం కింద పడింది. ఇద్దరూ ఒకేసారి భుజాలతో తలుపుమీద పడ్డారు.